పేర్లు చదవని సంగీత మందిరం

సంతకం పెట్టడానికి అక్క ఒకే ఒక్క షరతు పెట్టింది. "తమ్ముడు వెళ్ళి అన్నీ చూసి, నడుస్తుందని చెబితే పెడతాను. వాడు వద్దంటే ఇంక ఆ ఊసు ఎత్తకండి" అని బావగారితో నా ఎదుటే అంది. తొంభైల చివర, మాఘమాసానికి కొద్దిరోజుల ముందు మాట ఇది. వాళ్ళింటి వీధరుగు మీద ముగ్గురమే ఉన్నాం. బావగారు ఫిడేలు పెట్టె మీద చెయ్యి వేసుకుని కూర్చున్నారు. ఆ పెట్టె మీద చెయ్యి లేకుండా ఆయన కూర్చోగా నేను చూసింది తక్కువ.

ఆ సంతకం రామచంద్రపురం దగ్గర ఒక ఎకరం కొబ్బరితోట అమ్మకానికి. పెళ్ళినాడు మా నాన్న పసుపు కుంకుమల కింద అక్క పేరు మీద రాసిచ్చిన తోట అది. వాళ్ళకి పిల్లలు లేరు. బావగారు హరికథలకి ఫిడేలు పక్కవాద్యం వాయించి తెచ్చేది వచ్చిన నెల వచ్చేది, రాని నెల రాదు. నెలన్నరకోసారి తోటలో కాయల దింపు తీయిస్తే వచ్చే డబ్బుతోనే ఆ ఇంట్లో పొయ్యి వెలిగేది. ఇదంతా నాకు తెలుసు. తెలిసే ఆ పనికి ఒప్పుకున్నాను.

బావగారి కోరిక చెడ్డది కాదు. ముప్పై ఏళ్ళు ఆయన తుని నుంచి నరసాపురం దాకా పందిళ్ళలో వాయించారు. పక్కన జనరేటరు మోత, ఎదురుగా వేరుశనగకాయలు ఒలిచే చప్పుడు, వెనక వంటవాళ్ళ కేకలు. కథకుడికి శాలువా కప్పేవారు. పక్కవాద్యాల వాళ్ళకి అందరి భోజనాలూ అయ్యాక మిగిలినది పెట్టేవారు. "ఒక్క చోటైనా, పాట పాడుతుంటే పాటే వినపడే చోటు ఒకటి ఉండాలయ్యా బావమరిదీ. మన జిల్లాలో ఇంతమంది పాడేవాళ్ళున్నారు, కూర్చోబెట్టి పాడించుకునే గది ఒక్కటి లేదు" అనేవారు. మండపేట రోడ్డులో మూతపడ్డ సినిమా హాలు ఒకటి ఆయన కంట్లో పడింది. హాలు ఆసామి పదేళ్ళకి లీజు ఇస్తానన్నాడు. ముందుగా అడ్వాన్సు, ఆ పైన నెలనెలా అద్దె. పైకప్పు రేకులు, వేదిక, కుర్చీలు మనం చూసుకోవాలి. వారానికి మూడు కచేరీలు, ఆదివారం హరికథ, మనిషికి పది రూపాయల టిక్కెట్టు. అదీ ఆయన ఆలోచన.

నడుస్తుందో లేదో తేల్చవలసిన మనిషిని నేను. నేను ప్రాథమిక పాఠశాలలో ఉపాధ్యాయుణ్ణి. వ్యాపారం ఎన్నడూ చేసినవాణ్ణి కాను. కాని మా ఊరి భజన సమాజంలో చిన్నప్పటి నుంచి ఉన్నాను. మా గురువుగారు నాకు పదేళ్ళ వయసు నుంచే పారాయణ గ్రంథాలు ముందు పెట్టి, శ్లోకం చదివించి, అర్థం చెప్పించి, తప్పితే మళ్ళీ మొదటి నుంచి చదివించేవారు. ఆయన పోయాక శనివారం భజన ముగిసిన తర్వాత పది నిమిషాలు మాట్లాడే బాధ్యత నాకు వచ్చింది. ఊళ్ళో ఎవరైనా పిల్లకి సంబంధం చూసినా, బోరు వేయించాలన్నా నన్ను అడిగి వెళ్ళేవారు. నేను చెప్పేది నా తెలివితో కాదు, స్వామి పలికిస్తే చెప్పేదని వాళ్ళు అనుకునేవారు. కొన్నాళ్ళకి నేనూ అలాగే అనుకోవడం మొదలుపెట్టాను.

మొదట హాలు చూడటానికి వెళ్ళాం. బావగారు, నేను, మా ప్రాంతంలో మైకుసెట్టు అద్దెకిచ్చే ఆసామి ఒకడు. హాలు లోపల చప్పుడు ఎలా నిలుస్తుందో చెప్పడానికి బావగారే అతన్ని పిలిపించారు. రేకుల కింద గబ్బిలాల కంపు. తెర చిరిగి ఒక పక్కకి వేలాడుతోంది. నేల క్లాసులో బెంచీలు ఎవరో పట్టుకుపోయారు. బావగారు మధ్యలో నిలబడి ఫిడేలు తీసి ఒక రాగం నాలుగు నిమిషాలు వాయించారు. బయట లారీలు పోతున్నా ఆ నాలుగు నిమిషాలూ నాకు లారీలు వినపడలేదు. మైకు ఆసామి కూడా తలుపు దగ్గర కదలకుండా నిలబడ్డాడు.

అయిపోయాక అతను నా దగ్గరికి వచ్చాడు. "మేష్టారూ, ఓ మాట చెప్తానండి, కోప్పడకండి."

"చెప్పు."

"సినిమాకే జనం రాక మూసేసిన హాలండి ఇది. కేబులొచ్చాక అంతంత హీరోలే రప్పించలేకపోయారు. మీ బావగారి ఫిడేలు రప్పిస్తుందంటారా?"

బావగారు నవ్వారు. "నీ మైకు గోలలోనే కదరా ఇన్నాళ్ళూ నా ఫిడేలు ఎవడికీ వినపడనిది."

"అదీ నిజవేలెండి" అని అతనూ నవ్వి, మళ్ళీ నా వైపు తిరిగాడు. "ఇరవై ఏళ్ళ నుంచి మైకు పక్కన కూర్చుని చూస్తున్నానండి. మన జనం పాటకి డబ్బులివ్వరండి, పేరుకిస్తారు. కథ మధ్యలో పేరు చదివితే జేబులోంచి నోటు తీస్తారు. చదవకపోతే కండువా దులుపుకుని పోతారు. టిక్కెట్టు కొన్నవాడి పేరు ఎవరు చదువుతారండి?"

అతను చెప్పింది చదివింపుల సంగతి. మా వైపు హరికథ జరుగుతుంటే మధ్యలో ఎవరో ఒక నోటు పంపిస్తారు. కథకుడు కథ ఆపి, ఇచ్చినవారి పేరు, ఊరు, ఎంత ఇచ్చారో మైకులో చదివి, స్వామి ఆయురారోగ్య ఐశ్వర్యాలు ఇవ్వాలని దీవిస్తాడు. అది విని ఇంకొకరు అంతకన్నా పెద్ద నోటు పంపుతారు. ఆ పేర్ల మధ్య స్వామి పేరు ఎక్కడో ఇరుక్కుపోతుంది. నాకు చిన్నప్పటి నుంచి అది కంటగింపు.

పైగా ఆ ఆసామి దగ్గర పొద్దున్నే సారా వాసన వస్తోంది. తీర్థాల్లో రికార్డింగ్ డాన్సులకి మైకు పెట్టేది కూడా అతనే. "ముందు నోరు కడుక్కుని రావయ్యా. స్వామి పాటకి జనం వస్తారో రారో తర్వాత మాట్లాడదాం" అన్నాను.

"ఆయ్, అలాగేనండి" అని అతను వైర్లు చుట్టుకుని వెళ్ళిపోయాడు. అతను చెప్పినదాంట్లో అబద్ధం ఏమిటని నేను ఒక్కసారి కూడా ఆలోచించలేదు. చెప్పిన నోరు చూశాను, చెప్పిన మాట చూడలేదు.

తర్వాత రెండు ఆదివారాలు మండపేటలో తిరిగాను. బియ్యం మిల్లుల ఆసాములు, బట్టల కొట్టు వాళ్ళు, ఎరువుల కొట్టు వాళ్ళు. ఎవరి దగ్గరికి వెళ్ళినా కుర్చీ వేసి, మజ్జిగ ఇచ్చి, సాంతం విన్నారు. ఒక మిల్లు ఆసామి అయితే, "ముందు వరసలో మొదటి కుర్చీ నాదే రాసుకోండి మేష్టారూ. మా ఆవిడకి సంగీతమంటే ప్రాణం" అన్నాడు. బట్టల కొట్టాయన, "మీరు పిలవడవూ, మేం రాకపోవడవూనా? ఎంత మాటండి" అన్నాడు. ఒక్కరు కూడా రామని అనలేదు. సంచి నిండా మాటలు మూటగట్టుకుని బస్సెక్కాను.

గోదావరి జిల్లాల్లో గుమ్మంలోకి వచ్చిన మనిషితో కాదని చెప్పరు. ఆ సంగతి నాకు తెలియనిది కాదు. బడికి పిల్లల్ని పంపమని ప్రతి జూన్ నెలలో నేను గడపగడపకీ తిరుగుతాను. "ఎందుకు పంపవండీ, రేప్పొద్దున్నే పంపిస్తాం" అంటారు. మర్నాడు ఆ పిల్ల పొలంలో నాట్లు వేస్తూ కనపడుతుంది. పదిహేనేళ్ళుగా ఆ జవాబుకి అర్థం ఏమిటో తెలిసిన మనిషిని, మండపేటలో అదే జవాబుని అక్షరాలా నమ్మాను. స్వామి పని మీద వెళ్ళాను కాబట్టి స్వామే వాళ్ళ చేత చెప్పిస్తున్నాడనుకున్నాను.

ఇంకొక లెక్క మిగిలింది. పాట వినడానికి మా ప్రాంతంలో నిజంగా ఎంతమంది కూర్చుంటారు? దానికి సరైన చోటు సప్తాహమే అనిపించింది. కోతలు అయిపోయిన మాఘమాసంలో మా ఊళ్ళో ఏడు రోజులు నామం ఆగకుండా భజన చేస్తాం. రాత్రీ పగలూ ఒక్క క్షణం ఆగకూడదు. ఆ ఏడు రోజులూ నేను బడి అవగానే వచ్చి పందిరి గుంజకి ఆనుకుని కూర్చుని జనాన్ని లెక్కపెట్టాను. ఎండ వేళ కూడా చాపలు నిండే ఉన్నాయి. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి ట్రాక్టర్ల మీద వచ్చారు. ఆడవాళ్ళు చంటిపిల్లల్ని ఒళ్ళో వేసుకుని గంటల తరబడి తాళాలు కొట్టారు. వీళ్ళలో పదోవంతు మంది వారానికి ఒక్కసారి టిక్కెట్టు కొన్నా హాలు గడిచిపోతుందని తేలింది.

ఇక్కడ నేను చేసిన తప్పు రాయాలంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది. నామం ఆగకూడదు గనక సప్తాహానికి వంతులు వేస్తాం. ఏ వీధి వాళ్ళు ఏ వేళ కూర్చోవాలో, ఏ ఊరి సమాజం ఎన్ని గంటలకి అందుకోవాలో ముందే రాసి గుడి గోడకి అంటిస్తాం. తమ వంతులో చాప పలచబడితే వీధి పరువు పోతుందని ఇంటికొకరు తప్పకుండా వస్తారు. పొరుగూరి సప్తాహానికి మనం ట్రాక్టరు కట్టుకుని వెళ్ళాం గనక వాళ్ళూ మన ఊరికి రావలసిందే. ఆ చాపల మీద ఉన్నది పాట మీద ఇష్టంతో వచ్చినవాళ్ళు కొందరు, వంతుకి వచ్చినవాళ్ళు చాలామంది. ఆ వంతుల పట్టీ ఆ ఏడాది రాసింది ఎవరో కాదు, నేనే. నా దస్తూరీతో గోడ మీద ఉన్న పట్టీ కిందే కూర్చుని, ఆ పట్టీ పిలిస్తే వచ్చిన మనుషుల్ని, పాట పిలిస్తే వచ్చారని లెక్కవేసుకున్నాను.

సప్తాహం పూర్తయ్యాక బావగారు మా ఇంటికి వచ్చారు. "ఏం తేల్చావయ్యా?"

"నడుస్తుంది బావగారూ. కాని నాదొక షరతు. అక్కడ చదివింపులు ఉండకూడదు."

ఆయన ముఖం మారింది. "అదేంటి? కథకుడికీ నాకూ ఇన్నాళ్ళూ అన్నం పెట్టింది అదేనయ్యా. పేరు చదివితే చదివాం, ఏం పోయింది?"

"స్వామి కీర్తన మధ్యలో మిల్లుల వాళ్ళ పేర్లేంటండి? మీరే అన్నారుగా, పాటే వినపడే చోటు కావాలని."

"అన్నాను. అది వేరు, ఇది వేరు. టిక్కెట్లతో అద్దె వెళ్తుంది, చదివింపులతో కథకుడికి సంభావన వెళ్తుంది. రెండోది తీసేస్తే..."

"అయితే అక్కకి నేను ఏం చెప్పమంటారు?"

అలా అనకుండా ఉండవలసింది. ఆయన కాసేపు పెట్టె మీద వేళ్ళతో తాళం వేస్తూ కూర్చున్నారు. నా మాట లేకపోతే సంతకం లేదని ఇద్దరికీ తెలుసు. "సరేలే, నువ్వు చదువుకున్నవాడివి. నీకు తెలియంది నాకేం తెలుసు" అని లేచారు.

అంత ధైర్యంగా చెప్పినా లోపల నాకు ఎక్కడో ముల్లులా ఉండేది. అందుకని మూడు రోజులు ఒంటిపూట భోజనం చేసి, రోజూ ఉదయం స్నానం కాగానే పీట వేసుకుని జపానికి కూర్చున్నాను. నడుస్తుందా లేదా అన్నది స్వామినే అడిగాను. ఏమీ వినపడలేదు. ఏ సూచనా కలగలేదు. పక్కింట్లో పశువుల కుడితి కలుపుతున్న చప్పుడు, మా ఆవిడ పిల్లల్ని బడికి తయారు చేస్తున్న చప్పుడు మాత్రం వినపడ్డాయి. ఆ మాట ఇప్పుడు రాస్తున్నాను. అప్పుడు ఎవరికీ చెప్పలేదు.

నాలుగో రోజు ఏకాదశి. అక్క ఉపవాసం. తులసికోట దగ్గర దీపం పెట్టి వచ్చి నా ఎదురుగా కూర్చుంది. "ఏరా, స్వామి ఏమన్నాడు?" అంది. నువ్వు ఏం చూశావు, ఏం లెక్కవేశావు అని అడగలేదు. అలా అడుగుతుందని నేను అనుకోలేదు. అడిగాక, ఏమీ అనలేదని చెప్పడానికి నోరు రాలేదు.

"స్వామి సెలవైందక్కా" అన్నాను.

"అయితే ఇంక భయమేంటి" అని అక్క లోపలికి వెళ్ళి పట్టా కాగితాలు తెచ్చింది. ఆ వారంలోనే సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో సంతకం పెట్టింది. తోట కొన్నది చేపల చెరువులు తవ్వించే ఒక ఆసామి. ఆయన డబ్బు అక్క చేతికి ఇస్తే, అక్క అక్కడే బావగారికి ఇచ్చేసింది.

హాలు ప్రారంభం రోజు చూసినవాళ్ళు ఎవరైనా నడవదని అనరు. మామిడి తోరణాలు, సన్నాయి, వేద పండితులు. ఆ రోజు టిక్కెట్టు లేదు. మండపేట నుంచి నేను కలిసిన వాళ్ళందరూ వచ్చారు. ముందు వరసలో మొదటి కుర్చీలో మిల్లు ఆసామి కూర్చున్నాడు. కథ సగంలో ఆయన ఐదు వందల పదహార్లు పంపించాడు. నేను వేదిక పక్కన నిలబడి ఉన్నాను. డబ్బు తీసుకుని పళ్ళెంలో పెట్టించి, పేరు చదవవద్దని కథకుడికి సైగ చేశాను. కాసేపటికి ఆయన మనిషి వచ్చి, "మా ఆసామి గారి పేరు మర్చిపోయినట్టున్నారండి" అన్నాడు. "ఇక్కడ ఎవరి పేరూ చదవరు నాయనా, స్వామి పేరే" అన్నాను. "ఆయ్" అని వెళ్ళాడు. మిల్లు ఆసామి నవ్వుతూనే చివరిదాకా కూర్చుని, వెళ్ళేటప్పుడు నాకు రెండు చేతులూ ఎత్తి నమస్కారం పెట్టాడు. మళ్ళీ ఆయన్ని ఆ హాల్లో ఎన్నడూ చూడలేదు.

మర్నాటి నుంచి టిక్కెట్టు. మొదటి వారం కచేరీకి నలభై మంది, రెండో వారం ఇరవై. మూడో నెలలో ఒక సాయంత్రం నేను వెళ్ళేసరికి లోపల పదకొండు మంది ఉన్నారు. అందులో నలుగురు వాయించేవాళ్ళ బంధువులు. బయట మాత్రం రోడ్డుకి అవతల తూము గట్టు మీద ముప్పై మంది దాకా వరసగా కూర్చున్నారు. కచేరీ ఉన్నట్టు తెలియాలని హాలు మీద రెండు మైకు హారన్లు పెట్టించాం. పాటంతా వాళ్ళకి బాగానే వినపడుతోంది. గట్టు మీద ఒక పెద్దావిడ కళ్ళు మూసుకుని తల ఊపుతోంది. దగ్గరికి వెళ్ళి, "లోపలికి రండమ్మా, కుర్చీలున్నాయి" అన్నాను.

"ఎందుకు బాబూ, ఇక్కడ గాలేస్తంది" అంది. ఆ తర్వాత గొంతు తగ్గించి, "దేవుడి పాటకి టిక్కెట్టేంటి బాబూ? గుళ్ళో వింటే పుణ్యం, ఇక్కడ పది రూపాయలా" అంది. ఆమె పక్కనున్నతను, "మేష్టారు గారు వంతులేస్తే మేవే వచ్చేద్దుం గదండీ" అన్నాడు. అందరూ నవ్వారు. అతను ఎగతాళికే అన్నాడు గాని, నాకు ఆ క్షణంలో పందిరి గుంజా, చాపలూ, గోడ మీద పట్టీ అన్నీ కలిసి అర్థమయ్యాయి. గట్టు మీదే వాళ్ళ పక్కన కూలబడ్డాను. లోపల బావగారు వాయిస్తూనే ఉన్నారు.

హారన్లు తీయించాం. గట్టు మీద వాళ్ళు వెళ్ళిపోయారు గాని లోపలికి రాలేదు. టిక్కెట్టు ఐదు రూపాయలు చేశాం. కథకులు రెండు నెలలు మొహమాటానికి వచ్చి, తర్వాత ఒంట్లో బాగాలేదని కబురు పంపడం మొదలుపెట్టారు. ఒకాయన ముఖం మీదే చెప్పాడు: "చదివింపులు లేని కథ నాకు గిట్టుబాటు కాదండి. నాకూ పిల్లలున్నారు." అప్పుడైనా చదివింపులు పెట్టేద్దామని బావగారిని బతిమాలాను. "ఇప్పుడా? ఇప్పుడు చదవడానికి పేర్లేవయ్యా?" అన్నారు. ఆయన గొంతులో కోపం కూడా లేదు.

మైకు ఆసామి ఒకసారి వచ్చి, పెళ్ళిళ్ళకి అద్దెకివ్వండి, కనీసం అద్దె మొహం చూస్తారని చెప్పాడు. ఈసారి నేను అతన్ని కుర్చీ వేసి కూర్చోబెట్టాను. కాని పెళ్ళివాళ్ళకి వంటశాల కావాలి, బండ్లు నిలిపే చోటు కావాలి. ఆ హాలుకి రెండూ లేవు. అద్దె ఆరు నెలలు నిలిచిపోతే హాలు వెనక్కి పోతుందని లీజు కాగితంలో ఉంది. రెండో ఏడాది ముగియకముందే పోయింది. అడ్వాన్సు బాకీకి సరిపోయింది. బావగారు వేయించిన కొత్త రేకుల కింద ఇప్పుడు ఊక బస్తాలు ఉన్నాయి.

ఆయన మళ్ళీ పందిళ్ళకి తిరుగుదామని చూశారు. అప్పటికి హరికథలు చెప్పించేవాళ్ళే తగ్గిపోయారు. ఉన్నచోట ఆయన పేరు హాలు పెట్టి మునిగినాయనగా తెలిసింది. చివరికి మండపేటలోనే ఒక మిల్లులో కాపలాకి కుదిరారు. ముందు కుర్చీ రాసుకోమన్న ఆసామి మిల్లే. ఆయన మర్యాదగానే ఇచ్చాడు, జీతం కూడా వేళకి ఇచ్చేవాడు. ఊక దుమ్ముకి బావగారికి దగ్గు పట్టుకుంది. ఫిడేలు పెట్టె ఇంట్లో అటక మీదికి చేరింది.

తోట కొన్నాయన రెండేళ్ళు ఊరుకుని, చెట్లు కొట్టించి చెరువు తవ్వించాడు. చెట్లు కొడుతున్నారని తెలిసి అక్క చూడటానికి బయల్దేరింది. ఒంటరిగా పంపలేక నేనూ వెళ్ళాను. మేము వెళ్ళేసరికి మట్టలన్నీ ఒక పక్క కుప్ప వేశారు. పొక్లెయిన్ మొదళ్ళు పెకలిస్తోంది. తవ్విన గోతిలోంచి నల్లటి బంకమట్టి లారీలకి ఎత్తుతున్నారు. పైమట్టి పోయాక ఆ నేల మళ్ళీ తోటకి పనికిరాదని నాకు తెలుసు. అక్కకీ తెలుసు. పని చేస్తున్నవాళ్ళు ఆమెను గుర్తుపట్టి, కొబ్బరిబొండాం కొట్టి ఇచ్చారు. తాగింది.

తిరిగి వస్తూ కాలవ గట్టున కూర్చుంది. అప్పుడు చెప్పాను. ఆ మూడు రోజులూ నాకు ఏమీ వినపడలేదని, సెలవైందన్నది నేను కల్పించిన మాట అని, వంతుల సంగతి, మండపేట వాళ్ళ మాటల సంగతి అన్నీ చెప్పాను. చెబుతూ ఏడ్చాను.

అక్క కొంగుతో ముఖం తుడుచుకుంది. ఎండకి, ఏడుపుకి కాదు. "నీ మాటగా చెప్పి ఉంటే, రెండు రోజులు ఆలోచించుకునేదాన్నిరా. మీ బావతో దెబ్బలాడేదాన్ని. సగం తోటే అమ్ముదామనేదాన్నేమో. దేవుడు చెప్పాడన్నావు. దేవుడితో ఎవరు దెబ్బలాడతారు?" అంది.

నేను ఆ తర్వాత శనివారం భజనలో మాట్లాడటం మానేశాను. నా నమ్మకం పోలేదు. స్వామి నన్ను క్షమిస్తాడనే ఇప్పటికీ నమ్ముతున్నాను. కాని పోయిన ఎకరం నాది కాదు. ఎన్ని పారాయణాలు చేసినా ఆ విషయం మారదు.

అక్క పీచు మిల్లులో కొబ్బరి పీచు ఆరబెట్టే పనికి వెళ్ళడం మొదలుపెట్టాక ఇంక ఉండలేక ఒకరోజు వాళ్ళింటికి వెళ్ళాను. నా వాటా పొలంలో అర ఎకరం ఆమె పేరున రాస్తానన్నాను. అక్క అప్పుడే పనిలోంచి వచ్చి, జుట్టులోంచి పీచు ఏరుకుంటోంది.

"ఇది దేవుడు ఇమ్మన్నాడా, నువ్వే ఇస్తున్నావా?" అంది.

"నేనే ఇస్తున్నానక్కా."

"అయితే వెళ్ళి మీ ఆవిణ్ణి అడిగి రా."

ఇంటికి వచ్చి అడిగాను. మా ఆవిడ నేను చెప్పిందంతా విన్నది. అక్క అంటే ఆమెకి గౌరవమే. అయినా, "మనకీ ఇద్దరు పిల్లలున్నారండి. మీరు పోగొట్టినదానికి వాళ్ళది ఎలా ఇస్తారు?" అంది.

ఆ మాట చెప్పడానికి నేను మళ్ళీ అక్క దగ్గరికి వెళ్ళలేదు. అంటే వెళ్తూనే ఉన్నాను, పండగలకీ, బావగారి దగ్గు ఎక్కువైనప్పుడూ. పళ్ళూ, మందులూ పట్టుకుని వెళ్ళి కూర్చుంటాను. అక్క కాఫీ ఇస్తుంది. మా ఆవిడ ఏమందని ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా అడగలేదు.